వాగ్గేయకారుల జీవితములు – వ్రాయవలసిన విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా మన యూరికి చదువు పంచిపెట్టుచున్న ఈ గ్రంథాలయమునకు నేడు రజతోత్సవము. ఇట్టి శుభదినమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. నేను సంగీత విద్వాంసుడను గాను. కళాశాల ముఖము చూచినవాడనును గాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరకినపుడు ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి భారత భాగవతములను, ప్రబంధములను అంతో యింతో చదివికొన్నవాడను. లెక్కలు వ్రాయువానికి సంగీతవేత్తల చరిత్రలతో పనియేమని మీరడుగవచ్చును. పని కలదనియే నా మనవి. ఒక మహానుభావుని జీవితమును వ్రాయుట కూడ ఒక విధమైన లెక్క వ్రాయుటయే. ప్రతి పద్దునకును ఆధారముండవలెను. ఆధారము లేని పద్దును లేనట్లే చూపవలెను. ఎవరికి చెందవలసిన జమను వారి ఖాతాలోనే వేయవలెను.

మన గ్రంథాలయమున భక్తుల చరిత్రలు, గాయకుల చరిత్రలు ఒక బీరువా నిండుగ నున్నవి. వానిని వరుసగా చదివినవారికి ఒక విషయము తోచకపోదు. పేరొక్కటి మార్చినచో ఒకరి కథ మరియొకరికి సరిపోవును. బాల్యమున ఒక యోగి దర్శనము, స్వప్నమున ఇష్టదైవము, రాజు పిలుపు, దాని తిరస్కారము, ఒక మహిమ, చివరకు ముక్తి. ఇవి యన్నియు అసత్యములని నేననను. కాని అందరి జీవితములు ఒకే అచ్చున పోసినట్లున్నపుడు ఆ యొక్క మనిషి ఎక్కడ? అన్నమాచార్యులు అన్నమాచార్యులుగను, త్యాగరాజస్వామి త్యాగరాజస్వామిగను మనకు కానవచ్చుటెట్లు? నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఇదియే. కన్నది, విన్నది, ఊహించినది అని మూడు కాలములు గీసికొని, ప్రతి మాటను దానికి తగిన కాలములో వ్రాసినచో ఆ మనిషి మనకు దక్కును. మూడింటిని కలిపివేసినచో మహిమ మిగులును గాని మనిషి మిగులడు.

మొదట తేదీల సంగతి చూతము. తాళ్ళపాకవారి సంకీర్తనములు తిరుమల ఆలయమునందు రాగిరేకులమీద చెక్కబడి దాచబడియుండుట మీరెరిగినదే. ఆ రేకులలో అన్నమాచార్యుల కాలమును తెలుపు వాక్యమొకటి కలదు. శాలివాహన శకము 1346 క్రోధి సంవత్సరమున, తమ పదునారవ యేట, వారు సంకీర్తన రచన ఆరంభించిరనియు, శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు అది సాగినదనియు దాని సారాంశము. శకమునకు డెబ్బదియెనిమిది కలిపిన క్రీస్తు శకము వచ్చునని మనకందరకు తెలియును. క్రోధి 1424 అయినది. దానినుండి పదునారు తీసివేయగా జననము 1408. దుందుభికి అట్లే కలిపిన 1502 వచ్చును. కాని ఆగుడు! మన సంవత్సరము ఉగాదితో మొదలగును, ఫాల్గుణముతో ముగియును. ఫాల్గుణ బహుళమనగా సంవత్సరపు చివరి పక్షము. అప్పటికి ఆంగ్ల సంవత్సరము మారియే యుండును. కావున అన్నమాచార్యుల నిర్యాణము 1503 అని వ్రాయవలెను. పండితులు అట్లే వ్రాసిరి.

త్యాగరాజస్వామి విషయమునను ఇదే లెక్క. వారి నిర్యాణము పరాభవ సంవత్సర పుష్య బహుళ పంచమి. పరాభవ 1846లో మొదలైనను పుష్యము నాటికి జనవరి వచ్చినది. అందుచేత అది 1847 జనవరి 6వ తేదీ యని లోకమంతయు సరిగా వ్రాయుచున్నది. చూడుడు, ఇదే లెక్కను ముత్తుస్వామి దీక్షితులవారి జననమునకు వచ్చుసరికి పలువురు మరచిరి. దీక్షితులవారు మన్మథ సంవత్సర ఫాల్గుణ మాసమున జన్మించిరని వారి వంశమువారే వ్రాసిరి. మన్మథ 1775లో మొదలైనది. దాని ఫాల్గుణము 1776 మార్చిలో వచ్చును. అయినను 1775 మార్చి యని ఎన్ని పుస్తకములలో అచ్చుపడియున్నదో చెప్పలేము. ఒకరు వ్రాసినదానిని మరియొకరు ఎత్తి వ్రాసిరేకాని, పంచాంగము తీసి చూచినవారు కొలదిమంది. ఒక సంవత్సరము తేడా వచ్చినంతమాత్రమున దీక్షితులవారి కృతుల మాధుర్యము తగ్గునా యని మీరనవచ్చును. తగ్గదు. కాని ఈ చిన్న పద్దునే సరిచూడనివాడు పెద్ద పద్దులను సరిచూచినాడని ఎట్లు నమ్మగలము?

రెండవది సాక్షుల సంగతి. చెప్పినవాడెవడు, అతడు ఎంత దూరమునుండి చెప్పినాడు అన్నది మొదట అడుగవలసిన ప్రశ్న. త్యాగరాజస్వామికి వాలాజాపేట వేంకటరమణ భాగవతరను శిష్యుడు కలడు. ఆయన గురువుగారి సన్నిధిలో చాలకాలము మెలగి, వారి కృతులను వ్రాసి పెట్టినవాడు. ఆయనయు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతరును వ్రాసి యుంచిన జీవిత వృత్తాంతములు, ఆ వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభవారి వద్దకు చేరి నిలిచినవి. తండ్రి కంటితో కన్నవాడు. కన్న కాలములో ఆయన మాటకు చోటు కలదు. ఆ తరువాత వచ్చిన హరికథకులు, చలనచిత్రములవారు చేర్చినవి విన్న కాలములోనో, ఊహించిన కాలములోనో పడును. విలియం జాక్సన్ అను అమెరికా పండితుడు 1991లో ప్రకటించిన త్యాగరాజ చరిత్రమున ఈ సంగతినే పరిశీలించెను. తరము మారిన కొలది కథ పెరుగుచు వచ్చినది. స్వామి వెళ్ళిపోయిన తరువాత పుట్టిన కథలు, స్వామి ఉండగా వ్రాసిన మాటలకంటె ఎక్కువైనవి.

దీక్షితులవారి విషయమున మనకు దొరకిన సాక్షి సుబ్బరామ దీక్షితులవారు. వీరు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రులై, వారికే దత్తులైనవారు. చిన్నస్వామి మొదలియారుగారి ప్రేరణచేత, ఎట్టయపురపు ప్రభువుల ఆదరముచేత, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను మహాగ్రంథమును తెలుగు లిపిలో అచ్చొత్తించిరి. ద్రావిడ దేశమున తెలుగున అచ్చైన ఆ గ్రంథము, మన సంగీతమునకు రాజపత్రము వంటిది. అందు డెబ్బదిమందికి పైబడిన సంగీతవేత్తల చరిత్రలను కూర్చిరి. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో పరమపదించిరి. సుబ్బరామ దీక్షితులవారు 1839లో జన్మించిరి. అనగా వీరు పెద్దతాతను కన్నులార చూడలేదు. చూచిన తాతగారి నోటివెంట విన్నారు. ఇది విన్న కాలము. కాని ఇంటిలో, ఒక్క మెట్టు దూరమున విన్నమాట. సంతలో విన్నమాటకును, ఇంట విన్నమాటకును వెల ఒక్కటి కాదు.

ఇక్కడ మరియొక సంగతి గమనింపుడు. సుబ్బరామ దీక్షితులవారు చరిత్రలు మాత్రమే వ్రాసి ఊరకుండలేదు. కృతులను స్వరపరచి, గమకములకు గుర్తులు కల్పించి, ఏ స్వరము ఎట్లు కదలవలెనో కాగితముమీద నిలిపిరి. ఇది చరిత్రకారులకందరకు పాఠము. సంగీతవేత్త యొక్క జీవితము ఆయన పుట్టిన యూరిలోను, చనిపోయిన తిథిలోను మాత్రమే లేదు. ఎవరివద్ద చదివెను, ఏ బాణిని ఎత్తుకొనెను, ఏ రాగమును ఎట్లు నడిపించెను, ఎవరికి నేర్పెను అను నాలుగు మాటలలో నున్నది. వైద్యుని చరిత్రలో వైద్యమును, రైతు చరిత్రలో సేద్యమును విడిచివేయుదుమా? అట్లే సంగీతము లేని సంగీతవేత్త చరిత్ర బియ్యము లేని అన్నము.

మూడవది సంఖ్యల సంగతి. ఇది నా వృత్తి గావున కొంచెము చనువు తీసికొందును. అన్నమాచార్యుల సంకీర్తనములు ముప్పదిరెండు వేలని వారి మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రమున కలదు. నేడు దొరకుచున్నవి పండ్రెండు వేలకు పైమాట. ముప్పదిరెండు వేలు సాధ్యమేనా? 1424 నుండి 1503 వరకు డెబ్బదితొమ్మిది సంవత్సరములు. దినమునకొకటి చొప్పున వేసినచో ఇరువదియెనిమిది వేల ఎనిమిది వందల పైచిలుకు వచ్చును. కొన్ని దినములు రెండేసి పాడిరనుకొన్నచో ముప్పదిరెండు వేలు కాగలవు. లెక్క కుదిరినది, ఇంటివాని మాట ఆధారమున్నది, వేలకొలది సంకీర్తనములు రాగిరేకుల మీద కంటికెదురుగ నున్నవి.

త్యాగరాజస్వామి ఇరువదినాలుగు వేల కృతులు రచించిరని లోకోక్తి. దొరకినవి రమారమి ఏడు వందలు. అరువది సంవత్సరములు ఎడతెగక దినమునకొకటి రచించినను ఇరువదియొక్క వేల తొమ్మిది వందలగును. అసాధ్యమని గట్టిగా చెప్పలేము. కాని ఇరువదినాలుగు వేలనగానే మీకేమి జ్ఞప్తికి వచ్చుచున్నది? వాల్మీకి రామాయణపు శ్లోకముల సంఖ్య. త్యాగరాజస్వామిని వాల్మీకి యంతటివాడని కొనియాడుటకు భక్తులు చెప్పిన సంఖ్య అది. అది స్తుతియే కాని గణన కాదు. కావున చెప్పుచున్నాను, లెక్క సరిపోవుట వేరు, ఆధారముండుట వేరు. స్తుతిని స్తుతిగా గౌరవింపుడు. దానిని గణన కాలములో మాత్రము వేయకుడు.

నాలుగవది మహిమల సంగతి. భద్రాచల రామదాసుగారు నాకు మిక్కిలి ఆప్తులు, ఏలయన వారును పన్నులు, లెక్కలు చూచిన ఉద్యోగియే. నేలకొండపల్లివాడగు కంచెర్ల గోపన్న, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారై, భద్రాద్రిపై ఆలయము కట్టించి, సర్కారు సొమ్ము వ్యయపరచినందులకు గోలకొండలో చెరబడెను. రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు ఆ సొమ్ము చెల్లించి రసీదు పొందిరని మనమందరము చిన్ననాటినుండి వినుచున్నాము. తానీషా రాజ్యము 1672 నుండి 1687 వరకు, మొత్తము పదునైదేండ్లు. ఉద్యోగము, వసూలు, ఆలయ నిర్మాణము, లోకమున చెప్పుకొను పండ్రెండేండ్ల చెర, అన్నియు ఈ పదునైదేండ్లలోనే ఇముడవలెను. మిక్కిలి ఇరుకుగా నున్నది. కావున పండ్రెండన్న సంఖ్యను విన్న కాలములోనే ఉంచుట మేలు.

అట్లయిన రామదాసు మహిమ తగ్గినదా? నా మనసునకు తగ్గలేదు, పెరిగినది. ఆయన కీర్తనములలో ఒకటి కలదు. రామునికి, సీతమ్మకు, తమ్ములకు ఏ నగ చేయించెనో, దేనికెన్ని వరహాలు పట్టెనో వరుసగా ఏకరువు పెట్టి, చివరకు ఆ దేవుని మీదనే కోపించును. లోకములో జమాఖర్చు వలె నడచిన కీర్తన దీనికి మించి నేనెరుగను. చెరలో నున్న ఉద్యోగి తనపై నేరమునకు కారణమైన పద్దులనే పాటగా పాడినాడు. ఇది ఆయన నోటినుండి వచ్చిన సాక్ష్యము. రామోజీ లక్ష్మోజీల కథ జనుల ప్రేమకు సాక్ష్యము. రెండును విలువగలవియే, రెండును ఒక్కటి కావు. మొదటిదానిని చదివినపుడు నాకు మనిషి కానవచ్చును. సొమ్ము పోయినది, పదవి పోయినది, చెర మిగిలినది, అయినను లెక్క తప్పకుండ చెప్పుచున్న మనిషి. అతనిని మహిమ వెనుక దాచివేయుట భక్తి కాదని నా యభిప్రాయము.

ఐదవది, ఖాళీగా విడువవలసిన గడి. మన కృష్ణాజిల్లా మొవ్వ గ్రామముతో ముడిపడిన క్షేత్రయ్య జీవితమును గూర్చి మనకు తెలిసినది అత్యల్పము. ఆయన పదమొకటి మధుర తిరుమల నాయకుని, తంజావూరు విజయరాఘవ నాయకుని, గోలకొండ పాదుషాను స్మరించుటచేత పదునేడవ శతాబ్దమువాడని నిశ్చయింపగలిగితిమి. మిగిలినదంతయు కథ. ఇట్టిచోట మంచి చరిత్రకారుడు గడిని ఖాళీగా విడుచును. ఖాళీగడి సిగ్గుపడవలసినది కాదు, దొంగపద్దు సిగ్గుపడవలసినది. ఖాళీగా నుంచినచో రేపు ఒక శాసనమో, ఒక తాళపత్రమో దొరకినవాడు నింపుకొనును. కల్పనతో నింపినచో వెదకువాడే యుండడు.

ఖాళీ వేరు, కావలెనని వదలివేయుట వేరు. క్షేత్రయ్య పదములు మనవరకు ఎట్లు వచ్చినవి? రాజులు పోయిరి, కొలువులు పోయినవి. ఆ పదములను కంఠమునను, అభినయమునను తరతరములుగా మోసినవారు దేవదాసీలు, కళావంతుల స్త్రీలు. వాగ్గేయకారుల చరిత్రలలో వారి పేర్లెన్ని? బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనమును ప్రకటించునపుడు, వెనుకటి ముద్రణలో ఆ కవయిత్రి తన వంశమును చెప్పికొన్న పీఠికయే లేకపోవుటను గుర్తించి, దానిని చేర్చి అచ్చువేయించిరి. ఒక కళావతి తన చరిత్రను తానే వ్రాసికొన్నను పరిష్కర్తలు దానిని మిగుల్పలేదు! ఆ నాగరత్నమ్మగారే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి చుట్టును స్థలము కొని, తన సొత్తు వెచ్చించి మందిరము కట్టించిరి. ఆరాధనలో స్త్రీలు పాడుటకు అనుమతి లేని కాలమది. 1952లో ఆమె పరమపదించినది. నేడు అక్కడ వేలమంది కూడి పాడుచున్నారు. జమ ఎవరిదో, ఖాతా ఎవరి పేరనున్నదో మీరే యోచింపుడు.

ఇట్టి పనిని చక్కగా చేసినవారును మనలో కలరు. వేటూరి ప్రభాకర శాస్త్రిగారు చిన్నన్న ద్విపదను పరిష్కరించి, శాసనములతోను రాగిరేకులతోను సరిపోల్చి, విపుల పీఠికతో 1949లో ప్రకటింపజేసిరి. బాలాంత్రపు రజనీకాంతరావుగారి ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము 1958లో వెలువడి, 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. మైసూరు వాసుదేవాచార్యులవారు, తాము కన్న కళావిదులను గూర్చి 1955లో కన్నడమున వ్రాసిరి. ఆయన కన్నది కన్నట్లు వ్రాసెను గనుక గురువు పట్నం సుబ్రహ్మణ్యయ్యరు మనకు మనిషిగా కానవచ్చును.

ఇక మన యూరి మాట. మన రామాలయపు పాత చిట్టాలు నేను చూచితిని. కల్యాణమునకు కొబ్బరికాయలెన్ని, బియ్యమెన్ని కుంచములు, చమురెంత, అన్నియు చక్కగా వ్రాసియున్నవి. తంబళ్ళు, పురోహితులు, వంటవారు పేర్లతో కలరు. సన్నాయి, డోలు వాయించినవారికి మాత్రము “మేళమునకు” అని ఒక్క మాట, ప్రక్కన సొమ్ము. ఏటేట అదే మాట. అరువదేండ్లు మన దేవుని మేలుకొలిపినవారి పేరు మన లెక్కలలో లేదు! వారి మనుమలు కొందరు ఇంకను ఈ యూరనే యున్నారు. భజనగోష్ఠిలో తాళము పట్టినవారు, హరికథకు వంతపాడినవారు, దంపుళ్ళ పాటలు, మేలుకొలుపులు నోటనున్న ముసలి అవ్వలు ఉన్నారు. వారు త్యాగరాజులు కారు, నిజమే. కాని త్యాగరాజస్వామి కీర్తన మన యూరికి గాలిలో రాలేదు. ఇట్టివారి గొంతుల మీదుగనే వచ్చినది.

కావున రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి నాదొక మనవి. గ్రంథాలయములో ఒక పెద్ద పుస్తకమును కుట్టించి ఉంచుడు. ఊరిలో పాడినవారు, వాయించినవారు ఒక్కొక్కరికి రెండేసి పుటలు విడువుడు. పేరు, ఇంటిపేరు, ఎవరివద్ద నేర్చిరి, ఏమి పాడుదురు, ఎవరికి నేర్పిరి, ఈ సంగతి చెప్పినదెవరు, ఏ తేదీన చెప్పిరి. ఈ ఏడు ప్రశ్నలు చాలును. తెలియనిచోట గీత గీసి విడువుడు. నేడు చేతిలోని ఫోనునందే గానమును నిలుపు వసతి వచ్చినది. పిల్లలారా! ఆ పని మీది. ఊరకే పాటను పట్టుకొనక, పాడినవారి పేరును, తేదీని ముందుగా పలికించి పట్టుడు. పేరులేని పాట తల్లిదండ్రులు తెలియని బిడ్డ వంటిది.

ఈ పని రేపు చేయుదమని వాయిదా వేయవలదు. రాగిరేకులు నాలుగు వందల యేండ్లు చీకటిగదిలోనున్నను చెడలేదు. మనిషి గొంతు అట్టిది కాదు. ఎనుబదియేండ్ల అవ్వ నోటనున్న మేలుకొలుపునకు ఈ సంవత్సరము గడువు గలదో లేదో మనమెరుగము. అప్పుడు మనము వ్రాసికొనునది “మేళమునకు” అన్న ఒక్క మాటయే యగును.

వాగ్గేయకారులను పూజించుటకు పటములు చాలును. వారిని తెలిసికొనుటకు నిజమైన చరిత్రలు కావలెను. అట్టివి చదువుటకును, వ్రాయుటకును ఈ గ్రంథాలయము నిలయము కావలెనని కోరుచున్నాను.